ఆదినారాయణ తుడిచేసిన మచ్చలు

కృష్ణానగర్‌లో నా జిరాక్సు షాపు ముందు నిలబడి టీ తాగేవాళ్ళలో సగంమంది హీరోలవుదామని వచ్చినవాళ్ళు. మిగతా సగం ఆ మాట ఇప్పుడు ఎవరితోనూ అననివాళ్ళు. ఆదినారాయణ ఈ రెండు గుంపుల్లోనూ లేడు. పాలకొల్లులో సైన్‌బోర్డులు రాసుకునే మనిషి, సినిమాల్లో దేవుడి పటాలు గీసే పని ఉందంటే రైలెక్కాడు. దిగాక తెలిసింది, ఇక్కడ దేవుడి పటాలకంటే పాత కాగితాలకు గిరాకీ ఎక్కువని. తెరమీద తాతగారి వీలునామా, జమీందారుగారి ఉత్తరం, దొరగారి హుకుం కనిపించాయంటే వాటిలో చాలావరకు ఆదినారాయణ డాబామీద ఆరినవే. ముప్ఫై ఏళ్ళలో ఆయన పేరు తెరమీద రెండుసార్లు పడింది, రెండుసార్లూ జనం లేచి వెళ్ళిపోయాక.

కొత్త కాగితానికి వయసు తెప్పించడం ఆయన దగ్గరే చూడాలి. టీ డికాషన్‌లో ముంచుతాడు. కాఫీ వాడితే ఎర్రబారుతుంది, అలా వాడేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. నీడలో ఆరబెట్టి, గుడ్డ కప్పి ఇస్త్రీ చేసి, మడతల దగ్గర గోటితో గీరి, అంచులు గరుకు కాగితంతో అరగదీస్తాడు. పురుగు తిన్నట్టు చిల్లులు కావాలంటే అగరువత్తితో కాల్చి, నల్లగా మాడిన చోటును బ్లేడుతో గీకుతాడు. భార్య పోయాక ఆయన ఓపికంతా ఈ కాగితాలకే ఖర్చయింది. "నా కాగితం పక్కన పెడితే అసలుదే డూప్లికేటులా ఉంటుంది చెల్లెమ్మా," అనేవాడు నాతో. గొప్పలు పోతున్నాడనుకునేదాన్ని. ఆయన అన్నది అక్షరాలా నిజమే, అదే మా కొంప ముంచింది.

నా పేరు మంజులత. రాయబోయేది ఆయన గురించే గానీ, ఇందులో ఆయన చేసిన తప్పుకంటే నేను చేసింది పెద్దది. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచుకునే ఓపిక నాకు లేదు.

పన్నెండేళ్ళ కిందట ఒక సినిమా పని వచ్చింది. అందులో ఒక వ్యాపారి ఇంటి పాత లేబుల్ని విలన్ పొయ్యిలో వేస్తాడు. డైరెక్టరుగారికి ఉత్తుత్తి లేబులు పనికిరాదు, నిజంగా ఒకప్పుడు ఉన్నదే కావాలి. ఆదినారాయణ ఊరికి అటు చివర ఉన్న ప్రభుత్వ పాత రికార్డుల ఆఫీసుకు వెళ్ళి వారం రోజులు ఫైళ్ళు తిరగేశాడు. వెనకటికి సరుకు అమ్మేవాళ్ళు తమ గుర్తును ఇంకొకరు వాడకుండా రిజిస్టరు చేయించుకోవాలంటే, దరఖాస్తుతోపాటు ఆ లేబుల్ని కూడా ఇవ్వాలట. అగ్గిపెట్టెల బొమ్మలు, బీడీకట్టల కాగితాలు, సబ్బుల పేర్లు, దుకాణాల ముందు తలపాగాలతో నిలబడ్డ యజమానుల ఫోటోలు, అన్నీ అక్కడ కట్టలుకట్టలుగా ఉన్నాయని చెప్పాడు. వాటన్నిటిలో ఆయనకు ఒకటి నచ్చింది. ప్రసూనాంబ పళ్ళపొడి, సుల్తాన్ బజారు, హైదరాబాదు.

అరచెయ్యంత లేబులు. చుట్టూ తెలుగు, ఉర్దూ అక్షరాలు, మధ్యలో ఒకామె ఫోటో. పొడి తయారుచేసి అమ్మిన జ్ఞానప్రసూనాంబే ఆమె. ఆ రోజుల్లో ఆడమనిషి పళ్ళు కనపడేలా నవ్వుతూ ఫోటో దిగడమే వింత, దాన్ని సరుకు మీద అచ్చువేయించడం మరీ వింత. పైగా మొహం నిండా అమ్మవారు పోసిన మచ్చలు. ఫోటో కింద ఒక వాక్యం: 'మొహం దేవుడిచ్చాడు, పళ్ళు మా పొడి ఇచ్చింది.' స్కానరు మీద పెట్టబోతూ అది చదివి పకపకా నవ్వాను. ఎంత పొగరు తల్లీ నీకు అని మెచ్చుకున్నాను కూడా.

నిర్మాతగారు పైనుంచి ఉత్తరం తెప్పించి, ఆ లేబుల్ని రెండు రోజులకు ఆదినారాయణ చేతికి ఇప్పించారు. రెండోరోజు సాయంత్రం ఐదులోపు తెచ్చి ఇస్తానని ఆయన సంతకం పెట్టాడు. నేను రెండువైపులా స్కాన్ చేశాను. వెనకవైపు ఆఫీసు ముద్ర, సిరాతో రాసిన నంబరు ఉన్నాయి. డైరెక్టరుగారు స్కాన్ చూసి, "ఈ మచ్చలేంటండీ, ప్రింటు పాడైనట్టుంది. తీసేయండి," అన్నారు. ఆదినారాయణ నా కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో మచ్చే తుడిచాడు. రెండు గంటలు పట్టింది. చివరికి ఆమె నున్నగా, అందంగా, ఇంకెవరోలా తయారైంది. అలా మూడు కాపీలు తీశాం. ఆయన వాటిని డాబామీదికి పట్టుకెళ్ళి రాత్రికి రాత్రే ముసలివాటిని చేశాడు.

మర్నాడు జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళాలో షూటింగు. అటునుంచి అటే వెళ్ళి తిరిగి ఇచ్చేయొచ్చని అసలు లేబుల్ని కూడా కాపీలు పెట్టిన అట్ట ఫైల్లోనే పెట్టుకెళ్ళాడు. మొదటి టేకులో ఒక కాపీ కాలిపోయింది. విలన్ డైలాగు తప్పాడు. "ఇంకోటి, ఇంకోటి, లైటు పోతోంది," అని కేకలు. ఆ పనివాళ్ళకు ఒక అలవాటుంది. చక్కగా పాతబడిన కాగితాన్ని క్లోజప్పుకు దాచుకుని, సరిగ్గా పాతబడనిదాన్ని మంటకు ఇస్తారు. అట్టలోంచి మూడింటి అంచులు మాత్రమే కనపడుతున్నాయి. రెండు పసుపుపచ్చగా ఉన్నాయి, ఒకటి తేటగా ఉంది. డికాషన్ సరిగ్గా పట్టలేదనుకుని ఆదినారాయణ ఆ తేటదాన్ని లాగి ఇచ్చేశాడు. డెబ్బై ఏళ్ళపాటు వెలుతురు తగలకుండా పల్చటి కాగితంలో చుట్టి దాచిన లేబులు తేటగా కాక ఎలా ఉంటుంది? టేకు ఓకే అయింది, అందరూ చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం మూడింటికి నా షాపులోకి వచ్చి, స్టూలు మీద కూలబడి, "కాల్చేశాను చెల్లెమ్మా," అన్నాడు. అట్టలో మిగిలిన రెండూ తీసి చూపించాడు. రెండూ నున్నటి మొహాలే. వెనక ముద్ర లేదు. "వెళ్ళి ఉన్నమాట చెప్పేస్తాను," అని లేచాడు. లేచినవాణ్ణి లేచినట్టే పంపించి ఉంటే ఈ రోజు ఇదంతా రాసే పని నాకు ఉండేది కాదు.

"కూర్చోండి అన్నయ్యగారూ. చెప్తే ఏమవుతుంది? ఇక జన్మలో మిమ్మల్ని ఏ ఆఫీసువాళ్ళూ గడప తొక్కనివ్వరు. ఎప్పుడో చచ్చిపోయిన పళ్ళపొడి, ఎవడు చూడొచ్చాడు?" అన్నాను. మచ్చలతో కొత్త కాపీ తీస్తే దానికి వయసు తెప్పించడానికి ఒక రోజు పడుతుంది. మాకున్నది రెండు గంటలు. నేను వెనకవైపు స్కాన్‌ని తెరమీద పెద్దది చేసి పెట్టాను. ఆయన ఉన్న రెండింట్లో బాగున్నదాన్ని తిరగేసి, ముద్ర, నంబరు చేత్తో గీశాడు. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అన్నాడు.

ఆఫీసులో భూలక్ష్మి అనే ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "జర కూడ నలగకుండ తెచ్చిండ్రు, సినిమావాళ్ళు గిట్ల ఉంటరనుకోలే," అని మెచ్చుకుందట. అదే సాయంత్రం నేను ఇంకో పని చేశాను. నా కంప్యూటర్లో ఉన్న అసలు లేబులు స్కాన్‌ని తీసేశాను. ఎవరైనా వచ్చి అడిగితే సాక్ష్యం ఉండకూడదని నా తెలివి. మచ్చలున్న ఆ మొహం భూమ్మీద మిగిలింది ఆ ఒక్క చోటే. అది తెలిసే తీసేశాను.

ఆ తరవాత ఆదినారాయణ తేలుకుట్టిన దొంగలా అయిపోయాడు. పని మానలేదు, గొప్పలు చెప్పుకోవడం మానేశాడు. ఆ ఆఫీసు వైపు మళ్ళీ వెళ్ళలేదు. సినిమా విడుదలైతే టికెట్లు ఇచ్చారు, ఆయన వెళ్ళలేదు, నేను వెళ్ళాను. లేబులు మంటల్లో ముడుచుకుపోవడం మూడు సెకన్లు చూపించారు. మంట వెలుగులో మొహం ఆనలేదు, ఆమె నవ్వు మాత్రం కనపడింది. తింటున్న పాప్‌కార్న్ పక్కన పెట్టేశాను, అంతకుమించి నేను ఏడ్చిందేం లేదు.

కిందటి వేసవిలో ప్రణతి అనే అమ్మాయి షాపుకు వచ్చింది. పాతికేళ్ళుంటాయి, వెంగళరావు నగర్‌లో ఉంటారట, ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని. పాత ఫోటోలు పెద్దవి చేసి బాగుచేస్తామని మా బోర్డు చూసి వచ్చింది. "ఆంటీ, ఇది మా ముత్తవ్వ. అమ్మమ్మ వాళ్ళ అమ్మ," అని ఫోను చూపించింది. రికార్డుల ఆఫీసువాళ్ళు పాత ఫైళ్ళన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెడుతున్నారట, అందులో దొరికిందట. చూశాను. ప్రసూనాంబ పళ్ళపొడి.

ఆ పిల్ల సంతోషం పట్టలేక అన్నీ చెప్పుకుపోయింది. వాళ్ళ అమ్మమ్మ పుష్పవల్లికి ఎనభై ఆరేళ్ళు. తొమ్మిదో ఏట తల్లి పోయింది. మేనమామ దుకాణం మూసేసి, లేబుళ్ళు పొయ్యిలోకి వాడేసి, ఫోటో అచ్చువేసే బ్లాకుని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. ఇంట్లో తల్లి బొమ్మ ఒక్కటి లేదు. "ఎప్పుడూ ఒకటే మాట ఆంటీ, చచ్చేలోపల మా అమ్మ మొహం ఒక్కసారి చూడాలె అని. వచ్చే ఆదివారం తన బర్త్‌డే. సర్‌ప్రైజ్ ఇద్దామని."

అలాంటి పని ఏదొచ్చినా ఆదినారాయణకే ఇస్తాను, ఆ సమయానికి ఆయన అక్కడే ఉన్నాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. తన చేతిపని తనకు తెలియదా? ఆయన నోరు తెరవబోతుంటే నేనే, "బ్రహ్మాండంగా చేసిస్తాం తల్లీ, శనివారం వచ్చి పట్టుకెళ్ళు," అన్నాను.

పిల్ల వెళ్ళాక ఇద్దరం పోట్లాడుకున్నాం. "చెప్పేద్దాం చెల్లెమ్మా, ఇది ఆమె తల్లి మొహం కాదు," అంటాడు. "ముఖకవళికలు ఆవిడవే కదా? తొమ్మిదేళ్ళప్పుడు చూసిన మొహం ఎనభై ఆరేళ్ళకు గుర్తుంటుందా? తల్లి దొరికిందని మురిసిపోతుంది. ఆ సంతోషాన్ని ఎందుకు పాడుచేస్తారు?" అన్నాను. నా మాటలకేం, నేను ఎవరికైనా ఏదైనా నచ్చజెప్పగలను. ఆయన విన్నాడు. ఆయనకూ వినాలనే ఉంది, కాదని నాతో ఎప్పుడూ అనలేదు. పెద్దది చేసి, ఫ్రేము కట్టించి, శనివారం ఇచ్చేశాం.

మూడు వారాల తరవాత ప్రణతి మళ్ళీ వచ్చింది, మందుల చీటీలు, స్కానింగు రిపోర్టులు జిరాక్సు తీయించుకోవడానికి. అమ్మమ్మవే. ఫోటో ఎలా ఉందన్నారమ్మా అని ఆదినారాయణ అడిగాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"ఏం చెప్పాలె అంకుల్," అంది. "ఫ్రేము విప్పంగనే 'ఈమె మా అమ్మ కాదు' అన్నది. గవర్నమెంటు రికార్డే అమ్మమ్మా, పేరు చూడు అంటే, 'మా అమ్మకు మొహం నిండ మచ్చలుండె, కింద రాసింది చదువు, మొహం మంచిగుంటె గట్ల ఎందుకు రాయిస్తది?' అని లొల్లి. ఫోటోల కనిపిస్తలేదు కదా మరి. డాక్టర్ దగ్గరికి తీసుకపోయినం. వయసుకి మతిమరుపు మొదలైతుంది, ఇట్ల లేనివి ఉన్నట్టు గుర్తొస్తయి అన్నడు. టాబ్లెట్స్ రాసిండు. అవి ఏసుకుంటే పగలంత నిద్రే. ఇప్పుడు లొల్లి కూడ చేస్తలేదు అంకుల్. 'నేనే మా అమ్మ మొహం మర్చిపోయినట్టున్న' అని ఆ ఫోటో ముంగట కూర్చొని ఏడుస్తుంది."

నేను జిరాక్సు మిషను ఆపలేదు. కాగితాలు వస్తూనే ఉన్నాయి. ఆదినారాయణ నావైపు ఒక్కసారి చూశాడు. తిట్టినా బాగుండేది. ఆ పిల్లకు ఆ క్షణాన చెప్పలేకపోయాడు. ఎడ్రసు మాత్రం అడిగి రాయించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయనతోపాటు నేనూ బస్సెక్కాను. రమ్మని ఆయన పిలవలేదు. దరఖాస్తుతో లేబుళ్ళు రెండేసి ఇచ్చేవాళ్ళని ఎక్కడో విన్నాడట, రెండోది ఇంకో ఫైల్లో ఉంటే తల్లి మొహం ఆ ముసలామెకు దక్కుతుందని దారంతా అదే మాట. రికార్డుల ఆఫీసులో భూలక్ష్మి ఇప్పుడు జుట్టు నెరిసి, కళ్ళజోడు పెట్టుకుని ఉంది. రిటైరవడానికి ఏడాదే ఉందట. ఆదినారాయణ నిలబడే అంతా చెప్పాడు. ఎక్కడా నా పేరు తీయలేదు. నేనే మధ్యలో దూరి, ముద్ర గీయించింది నేను, స్కాన్ తీసేసింది నేను అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి, "పన్నెండేండ్ల సంది నేను పల్చని కాగితంల చుట్టి, పురుగు వట్టకుండ పెట్టి దాసుకుంట వస్తున్న," అంది. "మీరు టీనీళ్ళల్ల ముంచిన దాన్నా?"

అయినా ఆవిడ లేచి వెళ్ళింది. ఆ లేబులు రిజిస్టరైన ఏడాది కట్టలు, ఆ బజారు దుకాణాల కట్టలు, దుమ్ము కొట్టుకుపోయి రెండు గంటలు వెతికింది. రెండో లేబులు లేదు. ఉన్న ఒక్కదాన్నే మేం కాల్చుకున్నాం. ఆదినారాయణ చేత జరిగిందంతా కాగితం మీద రాయించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకుని, పైవాళ్ళకు పంపుతానంది. ఏం జరుగుతుందో ఆవిడకూ తెలీదు. "పొయ్యి గా ముసలామెకు చెప్పుండ్రి ముందు," అంది.

వెంగళరావు నగర్‌లో వాళ్ళది రెండో అంతస్తు. ఆదివారం కాకపోయినా ప్రణతి ఇంట్లోనే ఉంది, అమ్మమ్మను చూసుకుంటూ ఇంటినుంచే పనిచేస్తోందట. పుష్పవల్లిగారు ముందుగదిలో కుర్చీలో ఉన్నారు. మందుల మత్తుకు కళ్ళు వాచి ఉన్నాయి. ఎదురుగా గోడమీద మేం కట్టిచ్చిన ఫ్రేము. ఆదినారాయణ ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు.

"అమ్మా, మీరు మర్చిపోలేదు. ఆ మచ్చలు ఉన్నాయి. నేనే తుడిచేశాను," అన్నాడు.

మొదట ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు, సినిమా సంగతి, మంట సంగతి, అన్నీ. ప్రణతి లాప్‌టాప్ మూసేసి లేచి నిలబడింది. ఆ పిల్ల కళ్ళలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. పుష్పవల్లిగారు మాత్రం కోప్పడలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఉండె కదా! చెప్పిన కదనే మీకు! ఉండె కదా!" అని మనవరాలి చెయ్యి పట్టుకుని ఊపేశారు. చిన్నపిల్లలా నవ్వారు. వరసైన తెల్లటి పళ్ళు. "గా గోళీలు అవతల పారెయ్యి," అన్నారు. ఆ సంతోషం చూసేకంటే రెండు చెంపదెబ్బలు తిన్నా నయమనిపించింది.

తరవాత ఆదినారాయణకు పరీక్ష పెట్టారు. "ఏడేడ ఉండె? చెప్పు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండు గంటలు కూర్చుని ఒక్కొక్కటే తుడిచినవాడు, ఒక్కటీ మర్చిపోలేదు. "ఎడమ కణత మీద మూడమ్మా, పక్కపక్కన. ముక్కు కొస మీద ఒకటి లోతుగా. కుడి బుగ్గ నిండా. గడ్డం కింద ఒకటి, నవ్వితే సాగేది."

"గడ్డం కిందిది!" అన్నారామె. "అన్నం తినిపిస్తుంటె నేను గా గుంతల వేలు పెడుతుంటి." ఆమె చూపుడువేలు గాలిలో అక్కడే ఆగింది. వేలు దించి అడిగారు, "అసలుది యాడుంది నాయనా?"

"లేదమ్మా. కాలిపోయింది. ఇంకోటి ఉందేమోనని పొద్దుట్నించీ వెతికాం. లేదు."

"కంప్యూటర్లో ఉండేదమ్మా, నేను తీసేశాను," అన్నాను. ఆమె నావైపు చూశారు. అంతసేపూ నన్ను ఆమె గమనించలేదనుకుంటాను. చూసి, మళ్ళీ ఆయనవైపు తిరిగారు.

"గీయమంటే గీస్తానమ్మా, గుర్తున్నంతవరకు," అన్నాడు ఆదినారాయణ.

"వద్దు," అన్నారామె. "నువ్వు గీసింది ఒకటి గోడకున్నది, చాలు." అందులో కోపం లేదు. వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకున్నారు. "గా మొహం ఇప్పుడు నాకు, నీకు తప్ప ఇంకెవ్వరికి తెల్వదు. నాకు ఎనభై ఆరు. నీకెన్ని?"

"అరవై రెండమ్మా."

"అయితే నాకంటె ఎక్కువ దినాలు నువ్వే చూస్తవు మా అమ్మను," అన్నారు.